తాగే మందు

టెక్కలి మావయ్యకు, స్కాట్లాండు చలిలోంచి ధరణి నమస్కారాలు.

ఫోన్లో నీకు సరిగా వినపడదు కనుక రాస్తున్నాను. ఇక్కడ మందు తయారుచేసే పాత కంపెనీలో నాకు ఉద్యోగం ఇస్తామన్నారు! రెండొందల ఏళ్ళ కిందట ఒక రైతు పన్నులవాళ్ళ కంట పడకుండా కొండలోయలో మొదలుపెట్టాడట. లైసెన్సు తరువాత వచ్చింది. బార్లీ నానబెట్టి, మొలకెత్తించి, పొగమీద ఆరబెట్టి, పులియబెట్టి, రాగి బానల్లో కాస్తారు. ఆ ఆవిరిని చల్లార్చి చెక్క పీపాల్లో పన్నెండేళ్ళు ఉంచుతారు. ఆ వాసనకే ఒళ్ళు పులకరిస్తుంది మావయ్యా! నువ్వు సరేనంటేనే చేరమంటోంది అమ్మ.

నీ మేనకోడలు ధరణి

తా.క.: ఏటేటా పీపాలోంచి కాస్త ఆవిరైపోతుంది. దాన్ని దేవతల వాటా అంటారిక్కడ.

చిరంజీవి ధరణికి సుందరరామయ్య మావయ్య ఆశీస్సులు.

ఎగిరి గంతేశాను! మన ఇంట్లో మందులు తయారుచేసే పిల్ల! బార్లీ ఒంటికి చలవ, రాగి మంచిది, పైగా దేవతలకు వాటా తీస్తారు. మందుమీద కూడా పన్నా, పాపిష్టివాళ్ళు! పెన్షనర్ల సంఘంలో మైకు పట్టుకుని చెప్పేశాను. జలంత్రకోట గున్నయ్య "ఏటి మాస్టారూ, మా మోకాళ్ళకి పని సేత్తాదేటి?" అని ఒకటే గొడవ. అక్కడ చదువుతున్న వాళ్ళబ్బాయి శశిధర్ సెలవులకొస్తూ సీసా తెస్తున్నాడు.

మావయ్య

తా.క.: పరగడుపునా, భోంచేశాకా?

మావయ్యా, కంగారుగా రాస్తున్నాను.

అది రోగానికిచ్చే మందు కాదు. తాగే మందు! పెన్షనర్లెవరికీ పొయ్యకు.

ధరణి

తా.క.: సీసా మూత అసలు తియ్యకు.

పిచ్చి ధరణికి,

తాగే మందు కాక పూసే మందనుకున్నానా? మూత తియ్యకుండా ఎలా తాగమంటావే? సర్వీసంతా పిల్లలకు తాగుడు కూడదని పాఠం చెప్పినవాణ్ణి. నా మేనకోడలు పదిమందికి ఆరోగ్యం పంచుతుందంటే ఎంత గర్వమో! తప్పకుండా చేరు.

మావయ్య

తా.క.: కొలతకు చెంచా లోపలే పెడతారా?

మావయ్యా,

నువ్వు పొరబాటున సరేనంటే నేను చేరలేను. అది విస్కీ, మావయ్యా! విస్కీ! ఈ పనంటే నాకు ప్రాణం. అయినా నువ్వు వద్దంటే మానేస్తాను. రాస్తుంటే ఏడుపొస్తోంది.

ధరణి

తా.క.: ఆ మాట ఈసారి ఇంతింత అక్షరాలతో రాశాను.

చిరంజీవి ధరణికి,

వెంటనే ఉద్యోగంలో చేరు. మీ అమ్మకు నేను చెప్పేశాను. ఇంత మనసుపెట్టి చేసే పనిని కాదనడానికి నేనెవర్ని? శశిధర్ తెచ్చిన మందు పూటకు రెండేసి చెంచాలు పుచ్చుకుంటున్నాం. "ఇంకో సెంచా సూడండి మాస్టారూ" అంటాడు గున్నయ్య. సంఘం మీటింగు ఒక్కరూ ఎగ్గొట్టడం లేదు.

నీ క్షేమం కోరే మావయ్య

తా.క.: నువ్వు ఇంతింత అక్షరాలతో రాసిన ఉత్తరం నాకింకా అందలేదు. సీసా అయిపోయాక అందుతుంది.