ప్యారిస్ డిజైన్లు, ఎమ్మిగనూరు

2 మే 1982, ఆదివారం

ఈ రోజు నేను మళ్ళీ పుట్టాను!

కృపానందం, దర్జీ, ఎమ్మిగనూరు. ఇన్నేళ్ళుగా కుట్టినవన్నీ యూనిఫారాలే. బడి పిల్లల ఖాకీ నిక్కర్లు, బంట్రోతుల ఖాకీ చొక్కాలు, కండక్టర్ల ఖాకీ ప్యాంట్లు. నాకు కలలు కూడా ఖాకీ రంగులోనే వస్తాయి.

పొద్దున ప్రార్థన అయ్యాక దేవదాసు పాస్టరుగారు విదేశాల నుంచి వచ్చిన పాత బట్టల మూట విప్పారు. మూటలోని ఒక కోటు మీద ఆశ పెట్టుకున్నాను. అది పాస్టరుగారి బావమరిదికి అచ్చంగా సరిపోయింది. కోటుకు చుట్టి పంపిన రంగుల పత్రిక నాకు దక్కింది.

అందులో ఒక ఫొటో! గుబురు మీసాల మగవాడు. నడుము మీద చేతులు. మోకాళ్ళ దాకా కుచ్చిళ్ళ స్కర్టు! ముఖంలో సిగ్గు మచ్చుకైనా లేదు.

పత్రికను పట్టుకుని మా వీధిలో ఉండే సుంకప్ప సార్ దగ్గరికి పరిగెత్తాను. హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతారు. ఆయన చదివి చెప్పారు. ఆ మనిషి పేరు లూసియన్. ప్యారిస్‌లో దర్జీ. అతను ఏది కుట్టినా జనం ముందు తిడతారట, తర్వాత వరసలో నిలబడి కొనుక్కుంటారట.

"మిగతాది, సార్?"

"రోజుకొక పేరా సెప్తా. నువ్వు నా ప్యాంటు నడుము రోంత వదులు చెయ్యి."

తీర్మానాలు:
ఖాకీ ముట్టను.
ఎవరూ కుట్టనిదే కుడతాను.
ఎవరేమన్నా చలించను.

మా ఆవిడ సుగుణమ్మకు చదివి వినిపించాను. కూరలో ఉప్పు వేస్తూ అంది: "ఇంగ జూన్ వస్తాంది. బడి పిల్లోళ్ళు బరిబాతల పోవల్లనా?"

చలించలేదు.

3 మే, సోమవారం

బోర్డు మార్పించాను. 'కృపానందం, ప్యారిస్ డిజైన్లు'. పెయింటరు 'ప్యారీస్' అని రాశాడు. చాక్లెట్ల అంగడి అనుకుని ఇద్దరు పిల్లలు వచ్చి పోయారు.

సాయంత్రం రెండో పేరా. లూసియన్ తల్లి బట్టలుతికే అంగడి నడిపేదట. చిన్నప్పుడు గొప్పవాళ్ళ లోబట్టలు ఇస్త్రీ చేస్తూ, ఇంత అందమైనవి లోపల ఎందుకు దాచుకుంటారని ఏడ్చేవాడట. పెద్దయ్యాక లోపల వేసుకునేవి బయట వేయించాడు!

అప్పుడే దేవనకొండ రైతు ఓబన్న వచ్చాడు. చేతిలో చారల డ్రాయరు గుడ్డ. నీలం, తెలుపు.

"డ్రాయర్లు కుట్టప్పా. నాడా గట్టిది పెట్టు."

గుడ్డను కండ్లకు అద్దుకున్నాను. దేవుడే పంపాడు ఈ గుడ్డను.

5 మే, బుధవారం

ఓబన్న తన గుడ్డతో కుట్టిన చొక్కాను పైకెత్తి చూశాడు. తిప్పి చూశాడు. కాళ్ళు ఎక్కడ పెట్టాలా అని వెతికాడు.

"ఇదేందప్పా?"

"చొక్కా. లోపల వేసుకునేది ఇప్పుడు బయటికి వచ్చింది."

"ఇది ఏసుకోని బయటికి వస్తే నన్ను ఇంటి లోపలికి రానియ్యరు."

అయినా తీసుకుపోయాడు. చేనులో దిష్టిబొమ్మకు తొడుగుతాడట. పిట్టలు వాలవట.

మొదటి ప్రదర్శన: దేవనకొండ. ఆరుబయట. రోజంతా!

6 మే, గురువారం

పెద్ద అవకాశం! ఆదోని బ్యాండు మేస్త్రీ ఖాసిం సాబ్ స్వయంగా వచ్చాడు. పెద్ద మనిషి, మెత్తని మాట. ఆ ఊరి పత్తి సావుకారి ఈరప్ప ఇంట్లో వచ్చే గురువారం పెండ్లి, పెండ్లికొడుకును ఊరేగించే మెరవణి ఉంది. బ్యాండు వాళ్ళ పాత ఉన్ని ప్యాంట్లలో ఈ ఎండకు మనుషులు పడిపోతున్నారు. మొన్న గూడూరులో బాకా ఊదేవాడు ఊదుతూనే కూలిపోయాడట.

"గాలాడేటట్ల ఏమన్నా కుట్టు కృపానందం."

పత్రిక తెరిచి ముందు పెట్టాను. సాబ్ కండ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఈయప్ప బ్యాండు మేస్త్రీనా?"

"కాదు సాబ్, దర్జీ. ప్యారిస్."

"మీసాలుండాయి," అన్నాడు తనలో తానే. "లుంగీ మాదిరే కదా. కుట్టు. పిలకాయలను నేను ఒప్పిస్తా."

కింద తెల్ల కుచ్చిళ్ళ స్కర్టు. పైన నీలం చారల చొక్కా. చారల గుడ్డ ఏ గుడ్డో సాబ్ అడగలేదు. నేను చెప్పలేదు.

8 మే, శనివారం

హైస్కూలు బంట్రోతు సైకిలు మీద ఖాకీ తాను తెచ్చాడు. ఏటా నాదే ఆ పని.

"ఈ ఏడాది కుట్టను. పెద్దసార్‌కు చెప్పు."

వాడు బోర్డు చూశాడు, నన్ను చూశాడు, "ఒంట్లో బాగలేదా అన్నా?" అన్నాడు.

నేను జవాబిచ్చే లోపే సుగుణమ్మ వచ్చి ఆ తాను ఎత్తుకుని లోపలికి పోయింది. మంచం కింద పెట్టింది. ఆవిడ తిడితే భయం ఉండదు, ఇది వేరే.

9 మే, ఆదివారం

పక్కింటి ఉరుకుందమ్మ మనవడికి ఒకే ఒక్క ఖాకీ నిక్కరు కత్తిరించాను. ఇది లెక్కలోకి రాదు. కారణాలు:

కత్తిరించడం కుట్టడం కాదు.
వాడు చిన్నవాడు, గుడ్డ కొంచెమే.
ఆదివారం చేసిన తప్పును ఆదివారమే క్షమిస్తారు.

సాయంత్రం మూడో పేరా. లూసియన్ మొదటి ప్రదర్శనలో జనం ఈలలు వేసి లేచి పోయారట. అతను గుమ్మంలో నిలబడి, పోయే ప్రతివాడికీ వంగి నమస్కారం పెట్టాడట! సార్ చెబుతుంటే నా కండ్లు తడిశాయి. సార్ నడుము గుండీ కూడా అప్పుడే తెగింది.

11 మే, మంగళవారం

ఆదోని పోయి తొడిగి చూపించాను. డ్రమ్ము కొట్టే ఫక్రుద్దీన్ బండలాంటి మనిషి. వేసుకుని అటూ ఇటూ నడిచాడు. కూర్చున్నాడు, లేచాడు. ముఖం వెలిగింది.

"అన్నా, ఇన్ని దినాలు యాడ ఉంటివన్నా! లోపల పంకా తిరుగుతాండట్ల ఉంది!"

క్లారినెట్ వాయించే మొయినుద్దీన్ మాత్రం గోడవైపు తిరిగి నిలబడ్డాడు. "నాకు పిల్లను సూస్తాండారు. ఆ పిల్ల మేనమామ ఈరప్ప అంగట్లోనే గుమాస్తా."

"ఆయప్ప నీ క్లారినెట్ సూస్తాడు, నీ కాళ్ళు కాదు," అన్నాడు సాబ్.

తిరిగొస్తూ బస్సులో అనుకున్నాను, ఉరుకుందమ్మ మనవడి నిక్కరు ఎటూ కత్తిరించాను కదా, కుట్టేస్తే పోతుంది. కుట్టేశాను. గుండీలు పెట్టలేదు. గుండీలు పెట్టకపోతే అది నిక్కరు కాదు.

14 మే, శుక్రవారం. ఆదోని, బ్యాండు గది

నిన్న జరిగింది రాయాలి.

సాయంత్రం మెరవణి బయలుదేరింది. పెట్రోమాక్సు లైట్లు, పూల కారు, కారు మీద పెండ్లికొడుకు. ముందు నా బ్యాండు! తెల్ల కుచ్చిళ్ళు ఊగుతుంటే, నీలం చారలు మెరుస్తుంటే, నేను లైట్ల బండి పక్కన నడుస్తూ ఏడ్చేశాను.

మొదటి వీధిలో జనం నోళ్ళు తెరిచారు. బజారులోకి తిరగగానే ఒక ముసలాయన అరుగు మీద నుంచి లేచాడు.

"అరె, అది నా డ్రాయరు గుడ్డ గదరా!"

అంతే! మిద్దెల మీద ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. పిల్లలు వెంటపడ్డారు. అదే సమయంలో సుడిగాలి ఒకటి లేచింది. కుచ్చిళ్ళు లేచాయి. మొయినుద్దీన్ క్లారినెట్ వదిలి రెండు చేతులా స్కర్టు పట్టుకున్నాడు. పాట సగంలో ఆగింది. పెండ్లికొడుకు పడీ పడీ నవ్వుతుంటే బాసికం జారి ముక్కు మీదికి వచ్చింది.

ఈరప్ప సావుకారి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"ఖాసిం సాబ్! నా మనవరాలి పెండ్లికి లంగాలు కట్టుకోని వచ్చినారా? ఎవడు కుట్టినాడు ఇవి?"

నేను లైట్ల బండి వెనక్కి తప్పుకున్నాను. నిజమే రాస్తున్నాను. నక్కాను.

సాబ్ బాకా చంకలో పెట్టుకున్నాడు. ఆయన గొంతు పెరగలేదు.

"కుట్టినోడు ఎవడైతే ఏమి సావుకారీ? కట్టుకున్నోన్ని నేను. అడిగేది నన్ను అడుగు."

"నిన్ను అడిగేదేముంది? ఇంగ మా బంధువుల్లో ఎవురింటికీ నీ బ్యాండు రాదు. పొండి!"

ముప్పై ఏండ్లుగా ఆయన వాయించని పెండ్లి ఆదోనిలో లేదు. నా పేరు ఒక్కటి చెబితే ఆయన బయటపడేవాడు. చెప్పలేదు. గుమ్మంలో నిలబడి నమస్కారం పెట్టినవాడి కథ విని కన్నీళ్ళు పెట్టుకున్నానే, నేనెక్కడ నిలబడ్డాను?

బయటికి వచ్చాను.

"నేనే కుట్టినాను సావుకారీ. సాబ్‌ది తప్పేమీ లేదు. గుడ్డ సంగతి కూడా ఆయనకు తెలీదు."

ఈరప్ప నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. మళ్ళీ కాళ్ళ దగ్గరికి వచ్చి ఆగాడు.

"మరి నువ్వు ప్యాంటు ఏసుకోని వచ్చినావే?"

బజారు బజారంతా పగలబడి నవ్వింది. ఈలలు, చప్పట్లు. ప్యారిస్ వాడికి ఈ ప్రశ్న ఎదురయ్యేదే కాదు, ఎందుకంటే వాడు తను కుట్టింది తనే వేసుకున్నాడు.

అప్పుడు మొయినుద్దీన్ పరుగున వచ్చాడు. "అన్నా, నాది నువ్వు ఏసుకో. నీ ప్యాంటు నాకియ్యి. బిరీన!"

బండి వెనక మార్చుకున్నాం. వాడు సన్నం. హుక్కు అందలేదు. పైగా వాయించమని సాబ్ నా చేతికి కంచు తాళాలు ఇచ్చాడు. తాళాలకు రెండు చేతులు కావాలి. లంగాకు ఒక చెయ్యి కావాలి. నాకున్నవి రెండే! ఫక్రుద్దీన్ డ్రమ్ము తోలు పటకా ఒకటి విప్పి నా నడుముకు బెల్టులా బిగించాడు.

మీసం దువ్వుకుని బజారు నడిమధ్యకు వచ్చాను. ఈరప్పకు వంగి నమస్కారం పెట్టాను. ఆయన కోపంగానే ఉండాలని చాలా ప్రయత్నించాడు. పెదవి అదిరింది. ముందు పొట్ట కదిలింది, తర్వాత నవ్వు బయటికి వచ్చింది.

"నడవండప్పా, నడవండి. పెండ్లికొడుకు ఆకలికి సస్తాండాడు."

ఆడపెండ్లివారి గుమ్మం దాకా తాళాలు కొట్టాను. ఒక్క దెబ్బ కూడా పాటలో పడలేదు.

15 మే, శనివారం. ఇల్లు

నిన్న బయలుదేరదామని చూస్తే నా ప్యాంటు లేదు. మొయినుద్దీన్ ఫక్రుద్దీన్‌తో చెప్పి పోయాడట: "అన్న ప్యాంటు బాగుంది, పెండ్లిచూపులకు ఏసుకోని పోతాండా."

ఎమ్మిగనూరు బస్సు స్కర్టులోనే ఎక్కాను. కండక్టరు నన్ను చూసి గౌరవంగా పక్కకు జరిగాడు. "ముందర ఆడోళ్ళ సీట్లు ఖాళీగా ఉండాయి." వాడు వేసుకున్న ఖాకీ ప్యాంటు నేను కుట్టిందే. మడతలు ఎంత నీటుగా నిలబడ్డాయో!

సుగుణమ్మ తలుపు తీసింది. చూసింది. గడప మీద కూలబడి నవ్వింది. ఆవిడ అలా నవ్వడం చూసి ఎన్నేళ్ళయిందో. కండ్లు తుడుచుకుని, "అన్నం తిందువు రా," అంది.

లోపల మిషను మీద ఖాకీ నిక్కర్ల కుప్ప. నేను లేనప్పుడంతా ఆవిడే కుట్టింది.

ఇంట్లో నాకు ఉన్నది ఇంకొక్క ప్యాంటు. వేసుకున్నాను. దాని రంగు ఇక్కడ రాయను.

17 మే, సోమవారం

నిక్కర్లు.

19 మే, బుధవారం

నిక్కర్లు. సుంకప్ప సార్ తర్వాతి పేరా చెబుతానని వచ్చారు. వద్దన్నాను. ప్యాంటు మాత్రం ఇచ్చి పోయారు.

22 మే, శనివారం

ఫక్రుద్దీన్ సంతకు వచ్చి కనిపించాడు. కబుర్లు: స్కర్టులు రెండు దిండు గలీబులయ్యాయి. ఫక్రుద్దీన్‌ది మాత్రం ఇంకా వాడి ఒంటి మీదే, ఇంట్లో. బ్యాండును రావద్దన్న ఇండ్లు కొన్ని. ఆ బట్టల్లోనే రావాలన్న ఇండ్లు అంతకంటే ఎక్కువ. సాబ్ ఎవరికీ ఇంకా మాటివ్వలేదు. మొయినుద్దీన్‌కు పెండ్లి కుదిరింది! పిల్లకు వాడి ప్యాంటు కుట్టు నచ్చిందట.

"సాబ్ నిన్ను అడిగినాడన్నా. 'ఆయప్ప ఆ దినం బయటికి రాకుండా ఉండచ్చు. వచ్చినాడు' అన్నాడు."

మిషను దగ్గర కూర్చున్నాను గానీ సాయంత్రం దాకా ఒక్క కుట్టూ పడలేదు.

30 మే, ఆదివారం

ప్రార్థన నుంచి వచ్చాక సుగుణమ్మ మిషను పక్కన నిలబడింది. ఏదో అడగాలని ఉంది, అడగలేక ఉంది. ఇలాంటి సుగుణమ్మను నేనెప్పుడూ చూడలేదు.

"నాకొకటి కుట్టిస్తావా?"

"ఏమి?"

"రవికె. జేబుతో."

"రవికెకు జేబా?"

"మగోళ్ళ చొక్కాకు ఉంటుంది, బనీనుకు ఉంటుంది, డ్రాయరుకు గుడక ఉంటుంది. నేను తాళంచెవులు బొడ్లో దోపుకోని, చిల్లర కొంగులో ముడేసుకోని ఎన్నేండ్లు తిరగల్ల? నాకు జేబు కావల్ల."

"లోపల పెడతాలే, ఎవురికీ కనపడకుండా."

"యాల దాచేది? బయటనే పెట్టు. ఎర్రది. గుండీతో."

ఈ ఇంట్లో అసలు లూసియన్ ఎవరో ఇన్నాళ్ళు నాకు తెలియలేదు.

"అందరూ నవ్వుతారు సుగుణా."

"నవ్వనీ. నవ్వి నవ్వి, ఎట్ల కుట్టినాడో సూపించు అని వాళ్ళే వస్తారు."

టేపు తీశాను. భుజం, చెయ్యి, నడుము. పెండ్లయిన నాటి నుంచీ తన రవికెలు తనే కుట్టుకుంది. నేను ఈ మనిషి కొలతలు తీసుకోవడం ఇదే మొదటిసారి. భుజం దగ్గర టేపు పెట్టి అంకె మరిచిపోయాను. మళ్ళీ పెట్టాను. మళ్ళీ మరిచిపోయాను.

"దర్జీవేనా నువ్వు?" అంది, కదలకుండా నిలబడే.

తీర్మానం: రేపటి నుంచి ఖాకీ ముట్టను! ఎవరూ కుట్టనిదే కుడతాను! చలించను!

గట్టిగా చదువుతూ రాస్తున్నానేమో, వంటింట్లోంచి వినిపించింది:

"ముట్టొద్దులే! ముందు ఆ నిక్కర్లకు గుండీలు కుట్టి, తర్వాత ముట్టకుండా ఉందువు!"