మా పట్టీ మీద రెండో గీత

అమ్మడూ, నేను బాగానే ఉన్నాను, కంగారుపడకుండా చివరిదాకా చదువు.

విషజ్వరం ఏ ఊళ్లో పాకుతోందో ముందే కనిపెట్టడానికి మా ప్రయోగశాలలో మూడేళ్లుగా సొంతంగా పరీక్ష పట్టీలు తయారుచేస్తున్నామని నీకు తెలుసుగా. వాటిని సరిచూడడానికి జబ్బు లేనివాళ్ల రక్తం కావాలంటే, సోమవారం పట్టీలు ఆరబెట్టే మా గదివాళ్లం తలా ఒక చుక్క ఇచ్చాం. అందరికీ ఒకే గీత వచ్చింది. నాకు రెండు వచ్చాయి. రెండంటే జబ్బు ఉన్నట్టు.

"ఏంటక్కా, పట్టీ నెగ్గాలని రోజూ దండాలు పెట్టీ పెట్టీ దాని చేత ఒక గీత ఎక్కువ వడ్డించుకున్నావా?" అని పక్క బల్ల ఆవిడ నవ్వింది. మా ప్రయోగశాల డాక్టరమ్మ నవ్వలేదు. బయటి దేశం నుంచి తెప్పించిన పట్టీ మీద నా రక్తం వేసి చూస్తే ఒకే గీత. "రెండిట్లో ఏదో ఒకటి తప్పమ్మా. శుక్రవారం పెద్ద పరీక్షలో తేలుతుంది" అంది.

జ్వరం రాకుండానే ఈ జబ్బు ఒంట్లో ఉండొచ్చట, ఇంకొకరికి అంటొచ్చట. పోయిన వారం మీ ఇంట్లో ఉన్నన్నాళ్లూ బాబు నా ఒళ్లోనే పడుకున్నాడు. వాడి ఒళ్లు వెచ్చబడిందా? పాలు సరిగ్గా తాగుతున్నాడా? కార్డు అందగానే అల్లుడుగారూ నువ్వూ వాణ్ణి ఆసుపత్రిలో చూపించండి. నేను కప్పుకున్న దుప్పటి వేడినీళ్లలో ఉడికించు. కళ్లజోడు అక్కడే మరిచాను, దాన్ని ముట్టుకోకు. తిరుగు టపాలో జవాబు రాయి.

మూడేళ్లు మా పట్టీ నెగ్గాలని మొక్కాను. సోమవారం నుంచి అది తప్పని తేలాలని మొక్కుతున్నాను. ఈ మాట ఇక్కడెవరికీ చెప్పలేదు. బాబును దేవుడు చల్లగా చూడాలి.

అమ్మ