అక్కా, ఆ పసరు సంగతి

గుంటూరు ఆస్పత్రి నుంచి నీ తమ్ముడు యలమంద.

పున్నమ్మక్కా, నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు. ఫోన్లో చెప్పబోతే నోరు రాలేదు, అందుకే రాస్తున్నాను.

ఇక్కడ హెపటైటిస్-బికి కొత్త మందు పరీక్షిస్తుంటే అందులో చేరానుగా. వేరే మందేదీ వాడనని వాళ్లకు మాటిచ్చాను. అయినా నువ్వు ప్రేమగా పంపిన ఆకుపసరు చాటుగా తాగాను. రక్తపరీక్షలో నా లివర్ దెబ్బతింటోందని తేలింది. "ఇంకేమైనా వాడారా యలమందగారూ?" అని డాక్టరు శ్రీరమ్యగారు అడిగితే, లేదండి అన్నాను. ఆవిడ నమ్మారు. కొత్త మందే చెరుపు చేస్తోందేమోనని, కారణం తేలేదాకా అందరికీ ఆపేశారు. నాతోపాటే ఆ మందు వాడుతున్న, మిర్చియార్డులో బస్తాలు మోసే జక్రయ్య, "ఇప్పుడిప్పుడే కోలుకుంటున్నానండీ, ఇప్పుడాపితే ఎట్టా?" అని ఆవిణ్ణి బతిమాలుతుంటే చూడలేకపోయాను. వెళ్లి నిజం చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు, తిట్టినా బాగుండేది. నన్ను అందులోంచి తీసేసి మామూలు మాత్రలు ఇస్తున్నారు. చెరుపు పసరు వల్లేనని తేలి, మిగతావాళ్లకు మందు మళ్లీ మొదలైంది. జక్రయ్య నా చెయ్యి పట్టుకుని "మంచి పని చేశావు తమ్ముడూ" అంటే సిగ్గుతో మొహం ఎత్తలేకపోయాను.

నువ్వూ ఒకసారి రక్తపరీక్ష చేయించుకో, ఈ జబ్బు అమ్మ నుంచే మనకు వచ్చి ఉండొచ్చట. నీ కూతురు తేజశ్రీకి కానుపైన రోజే బిడ్డకు టీకా వేయించు, మర్చిపోకు. మిరపతోటలో నల్లతామర పురుగు తగ్గిందా? బావగారికి నమస్కారాలు, తేజశ్రీకి దీవెనలు.

దర్శిలో ఎవరైనా అడిగితే మందు చెడ్డదని మాత్రం అననివ్వకు. తప్పు నీ తమ్ముడిదని చెప్పు.