అతుకు కనబడని సీలింగు

నాన్నకు,

ముందు నీ మోకాలి నొప్పి సంగతి అడిగి, తర్వాత అసలు విషయానికి వద్దామనుకున్నాను. నావల్ల కావడం లేదు. నీ మీద కోపంగా ఉంది.

ఇరవై రెండేళ్ల కిందట నువ్వు చేసిన గ్రంథాలయం సీలింగులో, కిటికీ మూల పలక ఒకటి ఊడి పడింది. కింద కుర్చీ ఖాళీగా ఉండబట్టి సరిపోయింది. పైన నీళ్ల పైపు కారి నానిపోయిందని తేల్చేసి, పైపుల బాబాయిని పనిలోంచి తీసేశారు. కారలేదు మొర్రో అని ఆయన మొత్తుకున్నా విన్నవాళ్లు లేరు. అతుకు వేయడానికి నన్ను పిలిచారు.

నీ బ్రష్షు వాటం పట్టుకోవడానికి మూడు రోజులు తంటాలు పడ్డాను. విడి పలక మీద పూత పూయడం, బ్రష్షుతో అద్దడం, నచ్చక గీకేయడం. బ్రష్షు అద్దినచోట పూతలో లేచిన నీ గరుకు మొనలు ఇన్నేళ్ల రంగుల కింద మొద్దుబారాయి. నావి ముళ్లలా లేచి నిలబడ్డాయి. సగం ఆరాక తడి స్పాంజితో నిమిరితే దారికొచ్చాయి. ఇక ఈ అతుకు వేస్తే ఎక్కడుందో నువ్వు కూడా పట్టుకోలేవు.

కానీ ఆ కన్నంలో తల పెట్టి చూశాను నాన్నా. చెక్కలు పొడిగా ఉన్నాయి. ఎక్కడా నీటి మరక లేదు. మేకులే పొట్టివి. పలక దాటి చెక్కలోకి గోరంత దిగాయి, అంతే. కనబడని చోటే పనితనం తెలుస్తుందని నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది నువ్వేగా?

సోమవారం కన్నం మూసేస్తే నీ పేరు నిలుస్తుంది, బాబాయి పేరు పోతుంది. ఏం చేయమంటావో ఈలోగా రాయి.

నీ పెద్దది

*

అమ్మడూ,

తప్పు నాదే. తెలిసీ వదిలేశాను. గ్రంథాలయం అధికారిని నిచ్చెన ఎక్కించి ఆ మేకులు చూపించు, నా పేరు చెప్పు. బాబాయిని మళ్లీ పనిలోకి తీసుకున్నాకే కన్నం మూయి. ఇంకేమీ అడగకు. మోకాలు బాగానే ఉంది.

మీ నాన్న

*

నాన్నకు,

చూపించాను. అధికారి నీ పేరు కాగితం మీద రాసుకున్నాడు, బాబాయిని అక్కడికే పిలిపించి రేపటినుంచి పనిలోకి రమ్మన్నాడు. నేనేదో ఘనకార్యం చేసినట్టు నిలబడ్డాను.

అధికారి వెళ్లాక బాబాయి నిచ్చెన ఎక్కి, ఒక మేకు పీకి, అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"ఈ మూల మీ నాన్న కొట్టలేదే పిచ్చిదానా. నువ్వు కొట్టావు."

పొడవు మేకులు అయిపోతే తేవడానికి నువ్వు వెళ్లావట. నువ్వొచ్చేలోగా పూర్తిచేసి చూపించాలని, పదహారేళ్ల నేను డబ్బాలో దొరికినవి కొట్టేశానట. పలకను తలతో ఆపింది బాబాయేనట. ఊడదీయమని ఆయనంటే, "రేపు తీద్దాంలేరా, ఇవాళ దాని మొహం చూడు" అన్నావట. ఆ రేపు రానేలేదు. సుత్తి తగిలి నల్లబడ్డ బొటనవేలూ, నువ్వు భుజం తట్టడమూ నాకు గుర్తున్నాయి. మేకుల సంగతే గుర్తులేదు.

నీకు అలా రాసినందుకు సిగ్గుతో చచ్చిపోతున్నాను. పొద్దున్నే వెళ్లి ఆ కాగితం మీద నీ పేరు కొట్టేయించి నా పేరు రాయిస్తాను. వద్దని రాయకు, ఇది నీకు అందేసరికి అయిపోయి ఉంటుంది.

ఆ రోజే నాచేత ఊడదీయించి ఉంటే ఒక పూట ఏడ్చేదాన్ని నాన్నా, అంతేగా.

నీ పెద్దది