గేటుకి అవతలి రోజా

మా ఇంటి లాయరమ్మకు,

మీ అబ్బా సలాములు, బోలెడన్ని దువాలు. నేనూ బాగానే ఉన్నాను, లారీ కూడా బాగానే ఉంది. మీరంతా బాగున్నారని నీ అక్షరాలు చూస్తేనే తెలిసిపోయింది. కోపంగా ఉన్నప్పుడు నువ్వు అంత గుండ్రంగా రాయవు.

ముందు మీ అమ్మ అడిగినవాటికి జవాబు చెప్పేస్తాను, లేకపోతే ఆవిడ నిన్ను మిగతాది చదవనివ్వదు. దగ్గు తగ్గింది. తెల్లారకముందే సహరీ తినడానికి రోజూ లేస్తున్నాను. లేపేది రేడియో. అంటే పాటలు పాడే రేడియో కాదు, నా పక్క లారీ డ్రైవరు. నోరు మూతపడదు కాబట్టి అందరం అలా పిలుస్తాం. ఆయనది మన మతం కాదు. అయినా నాకంటే ముందే లేచి స్టవ్ వెలిగించి, "లే బావా, తెల్లారితే నీకు మంచినీళ్ళు కూడా పుట్టవు" అని కాళ్ళు పట్టి లాగుతాడు. పగలు నా ఎదురుగా టీ తాగడు. లారీ వెనక్కి వెళ్ళి దొంగచాటుగా తాగొస్తాడు, మీసం తుడుచుకోవడం మాత్రం మర్చిపోతాడు. ప్రయాణంలో ఉన్నవాడికి రోజా మినహాయింపు ఉంది కదా అని అమ్మ రాయించింది. ఉంది. కానీ ప్రయాణం అనాలంటే బండి కదలాలి కదా, మావి ఇన్నాళ్ళూ కదిలితేగా!

తమ్ముడు తలుపు చాటున బిస్కెట్లు తిని, రోజాలోనే ఉన్నానన్నాడని రాశావు. వాణ్ణి ఏడిపించకు. వాడి వయసులో మీ అమ్మ ఏం చేసేదో మీ మామయ్యని అడుగు.

ఇక నీ ప్రశ్న. "పొద్దంతా పస్తుండి సాయంత్రం రెండింతలు తింటున్నాం అబ్బా. ఆకలి తెలియడానికే రోజా అంటారు. సరే, తెలిసింది. తెలిసి తిండి లేనివాళ్ళకి ఏం ఒరిగింది?" అని అడిగావు. ఇంట్లో ఉంటే పెద్దదానివైపోయావని కసురుకునేవాణ్ణేమో. ఇక్కడ సరిహద్దు గేటు ముందు కూర్చుని నేనూ అదే నములుతున్నాను తల్లీ, నమలడానికి వేరే ఏమీ లేదు కాబట్టి.

మా లారీల నిండా గోధుమపిండి. గేటుకి అవతల యుద్ధం నలిపేసిన ఊళ్ళు. ఇవతల రోడ్డు వారగా మా లారీలు, చీమల బారులాగా. రోజూ పొద్దున్నే వెళ్ళి అడిగేవాళ్ళం, రోజూ "రేపు" అనేవారు. మధ్యలో వానలు పడ్డాయి. టార్పాలిన్ ఎంత బిగించి కట్టినా అడుగు మూటలు చెమ్మ లాగేసి గడ్డకట్టాయి. సాయంత్రం రోజా విడిచే ఇఫ్తార్ వేళకి మేం ఖర్జూరం చేతిలో పట్టుకుని అటు చూస్తాం. ఊళ్ళన్నీ కనిపిస్తూనే ఉంటాయి. ఒక్క ఇంటి మీద కూడా పొయ్యి పొగ లేవదు. ఆ ఖర్జూరం గొంతు దిగాలంటే నీళ్ళు ఒక్కటే చాలవు.

ఒకరోజు రేడియో ఉండబట్టలేక గేటు ఆఫీసర్ని నిలదీశాడు.

"ఎప్పుడు వదులుతారు సార్?"

"పైనుంచి ఆర్డర్ రావాలి."

"అక్కడి పిల్లలకి ఆకలి కూడా పైనుంచి ఆర్డర్ వచ్చాకే వేస్తుందా సార్?"

నేను రేడియో నోరు మూయబోయాను. ఆఫీసరు కోప్పడలేదు. ఎండిపోయిన పెదాలు తడుపుకుని, "నేనూ రోజాలోనే ఉన్నానయ్యా, నన్ను విసిగించకండి" అన్నాడు. అబద్ధం కాదు, ఆ సాయంత్రం మా పక్కనే నిలబడి నమాజు చేశాడు. నాకు ఆ నమాజులో మనసు నిలవలేదు. ఆయనకీ రోజా, నాకూ రోజా, పిండి మాత్రం లారీలో. నీ ప్రశ్న సరైనదేనని అప్పుడే ఒప్పేసుకున్నాను.

ఇప్పుడు మీ అమ్మ వినకూడని సంగతి. పక్కన ఉంటే మనసులో చదువుకో. సరుకు ఇవతలే దింపేసి తిరిగొస్తానని ఇంట్లో చెప్పాను కదా, అది నిజం కాదు. అవతలికి వెళ్ళే లారీల మీద కాల్పులు జరుగుతున్నాయి, చెబితే పంపించరని చెప్పలేదు. నేనూ వెళ్ళకపోవచ్చులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఒక పొద్దున గేటు తీశారు. "ఇష్టమైనవాళ్ళే వెళ్ళండి, పూచీ మాది కాదు" అన్నారు. ఎవరూ ఇంజన్ స్టార్ట్ చేయలేదు. అందరికీ ఇళ్ళున్నాయి, తప్పు పట్టను. రోజాలో లేకపోతే నేను స్టార్ట్ చేసేవాణ్ణా? తెలియదమ్మా. ఆ పూట కడుపు మండుతూ ఉంది, తాళం చేతిలో ఉంది, తిప్పాను. వెనకాల రేడియో హారన్ కొడుతూ వచ్చాడు. "ఒంటరిగా పోతే నీకు కబుర్లు ఎవడు చెప్తాడు?" అని తర్వాత అన్నాడు. దారిలో మా మీద ఎవరూ కాల్చలేదు. కాల్చి వదిలేసిన బళ్ళు మాత్రం రోడ్డు పక్కన ఉన్నాయి. వాటి గురించి రాయను.

సగం కూలిన బడిలో పిండి దింపాం. అక్కడ వంట చూసేది ఒక ముసలమ్మ. మనిషి పుల్లలా ఉంది, గొంతు మాత్రం హెడ్‌మాస్టరుది. గడ్డకట్టిన పిండిని ఆడవాళ్ళు రోకళ్ళతో దంచి జల్లిస్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది. "ఆలస్యమైందమ్మా, పాడైపోయింది" అన్నాను. "నువ్వు ఆపావా?" అంది. కాదన్నాను. "మరి నువ్వెందుకు తల దించుకుంటావు, ఆ మూట ఎత్తు" అంది.

పిల్లలకి రొట్టెలు పెడుతోంది కానీ తను ముట్టుకోవడం లేదు. అడిగితే రోజా అంది.

"ఇన్నాళ్ళూ తిండే లేదు కదమ్మా, మళ్ళీ రోజా ఏంటి? మీలాంటివాళ్ళకి మినహాయింపు ఉంటుంది కదా?"

"మిగతా నెలలన్నీ నన్ను ఎవడో మాడ్చాడు నాయనా. ఈ నెల ఒక్కటీ నా అంతట నేను ఉంటున్నాను. ఇదొక్కటైనా నాది కావద్దా?"

నేను ఇంకో మూట ఎత్తాను. రొట్టె తిరగేస్తూ ఆవిడే మళ్ళీ అంది, "అలాగని ఈ ముక్క ఈ పిల్లలకి చెప్పి నిద్రపుచ్చలేను. వీళ్ళకి రొట్టే కావాలి."

నీకు నేను చెప్పగలిగింది ఇంతకంటే ఏమీ లేదు తల్లీ. రోజా ఆవిడకి తన పరువు. నాకు ఆ పూట తాళం తిప్పే తెగింపు. ఆ ఆఫీసరుకి ఏమైందో దేవుడికే తెలియాలి. రోజా వల్ల ఒరిగేది రోజా ఉన్నవాడి చేతిలోనే ఉన్నట్టుంది. నువ్వు ఉంటావో మానతావో నీ ఇష్టం. ప్రశ్న మాత్రం మానకు.

తిరిగి వచ్చి చూసింది చూసినట్టు మిగతా డ్రైవర్లకి చెప్పాను. మర్నాడు గేటు దగ్గర ఇంకొన్ని ఇంజన్లు మోగాయి. ఆఫీసరు కాగితాలు అడగలేదు, చెయ్యి ఊపి పంపించేశాడు. ఎందుకో తెలియదు. రోజూ పంపిస్తాడన్న నమ్మకం కూడా లేదు.

ఇంకొక్కటి మిగిలింది, దానికోసమే ఇంతసేపూ నసిగాను. ఆ బడిలో నీ ఈడు పిల్ల ఒకతె మూటలు లెక్కపెట్టి, "ఇవి పండగ దాకా రావు. పండగనాడు రొట్టె ఉంటుందా మామయ్యా?" అని అడిగింది. ఉంటుంది, నేనే తెస్తాను అనేశాను. నోరు జారింది కాదు, తెలిసే అన్నాను. పండక్కి ఇంటికి రాను తల్లీ. నీ పండగలోంచి నిన్ను అడక్కుండానే తీసి ఆ పిల్లకి ఇచ్చేశాను. కోపం వస్తే ఎంత వంకర అక్షరాలతోనైనా రాయి, చదువుతాను. అమ్మకి మాత్రం ఇఫ్తార్ అయ్యాకే చెప్పు. ముందు కడుపు నిండా తిననివ్వు.

ఇట్లు,
నీకు ఒక పండగ బాకీపడ్డ
మీ అబ్బా