మిల్లు గుడ్డ మీది లక్ష్మి

1931, ఆడి నెల శుక్రవారం, రాత్రి

నేను నేసిన చీరలు విరుదునగర్‌లో అప్పగించి వస్తుంటే, జవుళి కొట్టాయన మిల్లు గుడ్డ తాను మీద అంటించిన లక్ష్మీదేవి కాగితాన్ని ఊడదీసి నా చేతిలో పెట్టాడు. ఇంట్లో అమ్మ దాన్ని పడుగుకు పెట్టే గంజితోనే గోడకు అతికించి, పువ్వు పెట్టి, దీపం వెలిగించింది. నాకు ఒళ్లు మండింది.

"అమ్మా, అది సామి పటం కాదు. మిల్లోడు గుడ్డ అమ్ముకునేదానికి ఏసిన బొమ్మ. ఆ గుడ్డే గదా మన వీధిలో మగ్గాలు నిలిపేసింది?"

"కోపం ఏటికిరా? అమ్మవారు కట్టిండే చీర చూడు. అంచు మనది."

దీపం దగ్గరికి పట్టి చూశాను. నిజమే. పసుపు చీరకు ఎర్ర అంచు. అంచుకు వేరే నాడెతో ఎర్ర పేక తోలి, చీర పేకతో మేము కలిపి నేసే తీరు, యంత్రానికి చేతకానిది. దేవతకు మిల్లు గుడ్డ కట్టడానికి మిల్లువాడికే మనసు రాలేదు. మన ఆడవాళ్లు ఏ చీరను చూసి చేతులు జోడిస్తారో ఆ బొమ్మ వేసినవాడికి బాగా తెలుసు.

చింపేద్దామని ఎత్తిన చెయ్యి దించేశాను. అమ్మ కళ్లు మూసుకుని మొక్కుతోంది. ఆమె ఒంటిమీద ఉన్నది మిల్లు చీర. పోయిన దీపావళికి కొని తెచ్చింది నేనే.