సౌందర్యతో చదివించుకోకు

వనపర్తి,
మే 5

నా బంగారు అమ్మా,

నేను బాగానే ఉన్నాను. బస్సెక్కించేటప్పుడు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ దుమ్ము పడిందన్నావే, గట్టు బస్టాండులో ఆ పూట గాలే లేదమ్మా. గద్వాల దాకా నేనూ ఏడ్చాను. వనపర్తి వచ్చేసరికి ఏడుపు పోయి ఆకలేసింది. నువ్వు కట్టిచ్చిన జొన్నరొట్టెలు ఇక్కడి పిల్లలు లాక్కుని తినేశారు. పల్లీల పొడి డబ్బా మాత్రం పెట్టె అడుగున బట్టల కింద దాచాను. అంత మంచితనం నాకు లేదు.

శిబిరానికి మూడు జిల్లాల సర్కారు బడుల నుంచి తొమ్మిదో తరగతి అయిపోయిన పిల్లలు వచ్చారు. రెండు వారాలూ హాస్టల్లోనే. రాగానే ఫోన్లు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇంటికి ఉత్తరాలే రాయాలట. మాలో సగం మంది పుట్టి బుద్ధెరిగి ఉత్తరం రాసిన వాళ్ళు కాదు. ఒకడు కవరు మీద తన పేరే రాసుకున్నాడు. పోస్టులో వేస్తే మళ్ళీ వాడికే వచ్చేది.

మాకు పాఠాలు చెప్పేది సామ్యూల్ సార్. పొట్టిగా ఉంటాడు, గొంతు మాత్రం మైకు అక్కర్లేనంత. ఊరికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, దాన్ని ఎవరు ఖర్చు పెడతారు, మనం ఎవరిని ఏమని అడగొచ్చు, అడిగితే ఎన్నాళ్ళకు జవాబు చెప్పాలి, ఇవన్నీ ఆటల్లో పెట్టి నేర్పిస్తాడు. భోజనాల హాల్లో బెంచీలు జరిపి గ్రామసభ పెడతాం. రోజుకొకరు సర్పంచ్. సార్ పెట్టిన నియమం ఒకటుంది. సభలో ఎవరు చెయ్యెత్తినా, కుర్చీలో ఉన్నవాళ్ళు ఆ మనిషిని పేరు పెట్టి పిలవాలి. "ఏయ్, నువ్వు" అంటే ఒప్పుకోడు. పేరు తెలియకపోతే అడిగి తెలుసుకుని మరీ పిలవాలి. మొదటి రోజు నేను కుర్చీలో కూర్చుని అందరినీ అక్కా, అన్నా అంటూ పోతే, "ఇదేమన్నా పెండ్లి బంతా?" అన్నాడు సార్. హాలంతా ఒకటే నవ్వు.

నా పక్క మంచం మానసది. వాళ్ళది అచ్చంపేట. నా పేరు వినగానే నవ్వుతుందని భయపడ్డాను. "మా నాయనమ్మ మీ గద్వాల జములమ్మ తల్లికే మొక్కుకుంటది" అంది. అంతే, దోస్తులమైపోయాం.

పక్కింట్లో నుంచి పిలిచి ఈ ఉత్తరం సౌందర్యతో చదివించుకో అమ్మా. అది గొంతులు మార్చి చదువుతుంది కదా, సామ్యూల్ సార్ మాటలు దాని నోట వింటే నువ్వు పడిపడి నవ్వుతావు. సౌందర్యను అడిగినట్టు చెప్పు. నాయిన్ని ఎండలో తిరగొద్దని చెప్పు.

నీ ముద్దుల
జములమ్మ

*

వనపర్తి,
మే 11

అమ్మా, మా మంచి అమ్మా,

ముందుగా ఒక మాట. ఈ ఉత్తరం సౌందర్యతో చదివించుకోకు. అంగన్‌వాడీ గీత టీచర్ దగ్గరికి పో. ఆమె ఇంట్లో లేకపోతే వచ్చేదాకా ఆగు. సౌందర్య అడిగినా ఇవ్వకు.

నేను తప్పు చేశానో ఒప్పు చేశానో నాకు తెలియడం లేదు. నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను? కానీ ఇది నీ గురించే.

నిన్న గ్రామసభలో ఒక్కొక్కరూ తమ ఊరి కష్టం ఒకటి చెప్పాలన్నారు. బస్సు రాదని ఒకరు, బోరు ఎండిందని ఒకరు చెప్పారు. అందరూ చెప్పేవి అవే. నేనూ మన బడికి గోడ లేదని చెబుదామనే లేచాను. లేచాక ఏమైందో, నోటికి వేరే మాట వచ్చింది. మా ఊళ్ళో ఒక అమ్మాయి ఉంది, లెక్కల్లో మా అందరికంటే ముందు ఉండేది, ఇప్పుడు బడికి రాదు అన్నాను. ఎందుకు రాదు అన్నాడు సార్. అప్పుడు క్రాసింగ్ పని గురించి చెప్పాను. సీడ్ పత్తి చేలో సాయంత్రం మొగ్గలు గోటితో గిల్లాలని, తెల్లారి మగపువ్వు తెచ్చి ఒక్కోదానికి రుద్దాలని, అలా చేస్తేనే విత్తనం కడుతుందని, దసరా ముందూ వెనకా ఆ పని నిండుగా ఉంటుందని, ఆడపిల్లల వేళ్ళు సన్నగా ఉంటాయని వాళ్ళనే ఎక్కువగా తీసుకుపోతారని చెప్పాను. ఎవరు తీసుకుపోతారు అని ఎవరో అడిగారు. "ఒక గుంపు మేస్త్రి" అన్నాను.

అక్కడితో నేను ఆగితే బాగుండేది. ఆగలేదు. ఆ మేస్త్రికి కూడా ఒక కూతురు ఉందని, ఎనిమిదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షల ముందు తన కూతుర్ని చేలో నుంచి ఇంటికి పంపి, పక్కింటి పిల్లను మాత్రం చేలోనే ఉంచుకుందని చెప్పాను. పరీక్ష రాయలేని ఆ పిల్ల సిగ్గుపడి మళ్ళీ బడి గడప తొక్కలేదని చెప్పాను. ఆ కూతురు నేనేనని చెప్పలేదు. ఆ మేస్త్రి మా అమ్మ అని చెప్పలేదు. పిల్లలందరికీ కోపం వచ్చింది. అలాంటి మేస్త్రీల మీద కేసు పెట్టాలని తీర్మానం రాశారు. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి అన్నారు.

నేను కూడా చెయ్యెత్తాను అమ్మా.

ఎత్తకపోతే అందరూ నా వైపు చూస్తారనిపించింది. ఒక్క క్షణం నిజంగా నీ మీద కోపం కూడా వచ్చింది. అది దాచితే నీకు అబద్ధం చెప్పినట్టే. చెయ్యి దించాక ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అన్నంలో పెట్టబుద్ధి కాలేదు. ఈ చేతికే కదా నువ్వు క్రాసింగ్ రోజుల్లో కొబ్బరినూనె రాసి, గోళ్ళు పగిలిన చోట గుడ్డ చుట్టి, నీ పక్కన పడుకోబెట్టుకునేదానివి. నీ గోళ్ళు ఎవరూ చూసేవాళ్ళు కాదు. నువ్వు చెడ్డదానివి కావని ఆ హాల్లో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. తెలిసీ ఎత్తాను.

ఇంకా ఉంది. అందరి మాటల్లో నాదే బాగుందని సార్ ఎంచాడు. పదిహేడో తారీఖు ఆఖరి రోజున తల్లిదండ్రులు, ఆఫీసర్లు అందరూ వస్తారు. వాళ్ళ ముందు నేను మళ్ళీ అదే చెప్పాలి. నువ్వు కొత్త చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంటావు. నేను చెబుతుంటే నీకు అర్థమైపోతుంది, అక్కడ నువ్వొక్కదానివే తల వంచుకుంటావు. అది నేను చూడలేను. జ్వరమని చెప్పి తప్పించుకోవాలనుకున్నాను, కానీ అప్పుడు సౌందర్య మాట ఎవరు చెబుతారు? అందుకే ఒకటి అడుగుతున్నాను, కోపం చేసుకోకు. ఆ రోజు నువ్వు రావద్దమ్మా. కూలికి పోయావని చెబుతాను. నేను ఒక్కదాన్నే బస్సెక్కి వచ్చేస్తాను, వచ్చాక నీ ఇష్టం వచ్చినన్ని తిట్టు.

నన్ను క్షమించలేకపోయినా సరే, ఒక్క ముక్క రాయించి పంపు.

నీ బిడ్డ
జములమ్మ

*

గట్టు,
మే 14

బిడ్డా జములమ్మా,

రాసేది సౌందర్య. నువ్వు పరేషాన్ గాకు, మొత్తం ఇను. గీత టీచర్ ఎండకాలం అని వాళ్ళ తల్లిగారింటికి వాయె. నీ ఉత్తరంల ఏముందో నాకేం తెల్సు? ఎప్పటిలెక్కనే సౌందర్య చేతుల పెట్టిన. అది ఇప్పి సూసి ఆగింది. "అత్తా, నాతోటి సదివియ్యొద్దని రాసింది" అన్నది. "మల్ల ఎవలతోటి సదివియ్యాలె, పొయ్యికాడి పిల్లితోటా? సదువు" అన్న. ఏదో ఆడపిల్ల ముచ్చట రాసినవేమో, సిగ్గువడ్డవేమో అనుకున్న.

అది సదివింది. ఒక్క అక్షరం గుడ ఇడ్సిపెట్టలే. పోయినసారి లెక్క గొంతు మార్చలే. చెయ్యెత్తిన కాడికి వచ్చినంక జర ఆగి నీళ్ళు తాగింది, మల్ల సదివింది.

అబద్ధం ఎందుకు, మస్తు కోపమొచ్చింది నాకు. నా కడుపుల పుట్టి నా మీదనే చెయ్యెత్తిందా అనిపిచ్చింది. పెనం మీద రొట్టె మాడిపోయింది. మీ నాయిన ఏమైందే అంటే ఏం గాలే అన్న. నీళ్ళు తెస్త అని బిందె వట్టుకపోయి, ఉత్త బిందెతోటి ఒచ్చిన.

నువ్వు చెప్పింది నిజమే బిడ్డా. నీకు పరీక్షలని నిన్ను ఇంటికి తోలిన. ఆ దినం నీ వంతు పత్తి సాలు గుడ సౌందర్యనే చేసింది. గా సాలు కెల్లి గీ సాలుకు ఉరుక్కుంట చేసింది. పొద్దుగూకినంక "మంచి పోరివి" అని దాని తలకాయ నిమిరిన గాని, దానికి గుడ పరీక్షనే అని నా మనసుల మెదలలే. ఒక్కటే బడి, ఒక్కటే తరగతి, ఒక్కటే బెంచి మీద కూసునేటోళ్ళు మీరు. నీది యాదున్నది, దానిది యాదికి రాలే. ఈ మాట దాని మొఖం జూసుకుంటనే చెప్తున్న, అదే రాస్తున్నది.

నిన్న ఇక్కడిదాక రాసినంక ఆపి, బడికి పోతవా అని అడిగిన. పెన్ను సిరా అయిపోయింది, ఇంకోటి తెస్త అని ఇంట్లకు వాయె. మస్తు సేపటికి ఒచ్చింది. రెండు పెన్నులు తెచ్చింది.

ఇయ్యాల పొద్దుగాల నేను దాన్ని ఎంటవెట్టుకొని ఆడపిల్లల హాస్టల్ బడికి పోయొచ్చిన. జూన్ల రమ్మన్నరు, పాత బడి కాయితాలు తెమ్మన్నరు. ఏ తరగతిల కూసోవెడ్తరో అప్పుడు చెప్తరంట. సౌందర్య వాళ్ళమ్మ నన్ను సూసి "ఇన్ని దినాలకు యాదికొచ్చిందా నీకు" అన్నది. మాట పడ్డ. అనాల్సిందే అన్నది.

ఈయేడు నా గుంపుల పిల్లలు ఉండరు. చేను ఆసామికి చెప్పిన. సన్న చేతులు లేకుంటే పని సాగదు, ఇంకో మేస్త్రిని సూసుకుంట అన్నడు. సూసుకో అన్న. భయం లేదని నీతోటి ఎందుకు చెప్పాలె, ఉన్నది. ఆడోళ్ళను జమచేసుకొని పనికి పోత, ఎన్ని చేండ్లు దొరుకుతయో తెల్వదు.

ఇగ నన్ను రావొద్దంటివి. నేనొస్త. నువ్వు పుట్టినప్పటి సంది నీకోసమని ఒక్కనాడు సర్కారోళ్ళ ముంగట కూసున్నది లేదు, ఇప్పుడు రావొద్దంటె ఎట్లుంట? ముందు వరసలనే కూసుంట. ఒక మేస్త్రి, ఒక మేస్త్రి అనుకుంట తిప్పలు వడకు. మా అమ్మ శంకరమ్మ అని చెప్పు. కేసు వెట్టాలన్న పిల్లలు నన్నే అడగని. చెప్త. అంత మందిల నాకు మాట రాకపోతే మాత్రం నువ్వొచ్చి జర నా పక్కన నిలవడు.

చెయ్యెత్తినందుకు ఏడ్వకు. ఆ చేతితోటే అన్నం తిను. గా పల్లీల పొడి ఆ మానసకు గుడ పెట్టు, దాచుకుంటరా ఎవరన్న!

నిన్ను కన్న
మీ అమ్మ

*

జములూ,

అత్త చెప్పింది చెప్పినట్టే రాశాను. కింద ఈ నాలుగు మాటలు నావి. అత్తకు చదివి వినిపించలేదు. రాయక ఏడాది దాటింది, తప్పులుంటే నవ్వకు.

మధ్యలో అత్త లేచిపోయి పొయ్యి దగ్గర చాలాసేపు కూర్చుంది. అది రాయొద్దంది, అందుకే నేను రాస్తున్నాను. అత్త లేచిపోయింది నీ మీద కోపంతో కాదు. నా చేతులు పట్టుకుని గోళ్ళు చూసింది. ఎన్నిసార్లు చూసిందో.

నాతో చదివించొద్దని రాశావు. నా గురించి అంతమందికి చెప్పి, నాకు మాత్రం తెలియొద్దనుకున్నావు. కొంచెం కోపం వచ్చింది. తర్వాత పోయింది. లెక్కల్లో మీ అందరికంటే ముందు అన్న దగ్గర రెండుసార్లు చదివాను. నువ్వు ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు.

ఆ రోజు నీ సాలు చేయమని అత్త చెప్పలేదు. నేనే చేస్తానన్నాను. నువ్వు పరీక్ష రాసొచ్చి ప్రశ్నపత్రం తెచ్చిస్తే ఇంట్లో కూర్చుని రాద్దామనుకున్నాను. తెస్తానన్నావు, మర్చిపోయావు. ఇంకా నీ దగ్గరే ఉంటే తీసి పెట్టు. జూన్ లోపల రాసి చూసుకుంటాను.

పదిహేడున అత్తతో నేనూ వస్తున్నాను. నువ్వు చెప్పేది మొత్తం వింటాను. అయ్యాక చెయ్యెత్తుతాను. మీ సార్ పెట్టిన నియమం గుర్తుంది కదా. "ఒక అమ్మాయి" అని పిలిస్తే లేవను.

సౌందర్య